గులాబీని ఆరోగ్యానికి వాడుకోవడం ఎలా: పువ్వు ఎంపిక నుంచి గుల్కంద్, పన్నీరు, టీ దాకా

పెళ్ళిలో పన్నీరు చల్లించుకుంటాం. భోజనమయ్యాక పాన్‌లో గుల్కంద్ నములుతాం. ముల్తానీ మట్టి కలుపుకోవడానికని ఫ్రిజ్ తలుపులో ఒక రోజ్ వాటర్ సీసా ఎప్పుడూ ఉంటుంది. ఇంత వాడుతున్నా, అది ఏ గులాబీ, ఎక్కడ పెరిగింది, దాని మీద ఏ మందు కొట్టారు అని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. నన్నడిగితే గులాబీ వైద్యంలో అసలు ప్రశ్న అదే. తయారీ పద్ధతులన్నీ ఆ తర్వాతి సంగతి.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. గులాబీ చిన్న చిన్న మేళ్ళు చేసే పువ్వు. ఒంటికి చలవ, కడుపులో కాస్త సులువు, నెలసరి నొప్పికి కొంత ఉపశమనం, ఎండకు కమిలిన చర్మానికి హాయి. షుగర్ తగ్గిస్తుంది, గుండె బ్లాకులు కరిగిస్తుంది అని ఎవరైనా అంటే నమ్మకండి.

ముందు పువ్వు సంగతి

హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్లో బుట్టల్లో, కట్టల్లో కనిపించే పొడవు కాడల గులాబీల్లో చాలావరకు పొలాల్లో, పాలీహౌసుల్లో అమ్మకం కోసమే పెంచినవి. చూపుకీ నిలవకీ తయారైన రకాలు కాబట్టి వాసన తక్కువ. పైగా తామర పురుగుకీ బూడిద తెగులుకీ మందులు కొట్టే పెంచుతారు. అందులో కొన్ని మొక్క లోపలికే ఇంకిపోయే రకం. రేకుల్ని ఉప్పునీళ్ళలో ఎంతసేపు ముంచినా అవి పోవు. కాబట్టి బొకేలోని పూలు, దండలోని పూలు, గుడిలో ప్రసాదంగా ఇచ్చిన పూలు ఏవీ నోట్లోకి వెళ్ళకూడదు. చాలామంది గుల్కంద్ మొదలుపెట్టేది ఇలాంటి పూలతోనే.

మనకు కావలసింది లేత గులాబీ రంగులో, వదులుగా బోలెడు రేకులతో, గట్టి పరిమళంతో పూసి, ఒకటి రెండు రోజుల్లో రాలిపోయే రకం. శాస్త్రీయంగా ఇందులో ముఖ్యమైనది రోజా డమాసీనా, అంటే డమాస్క్ గులాబీ. ఆయుర్వేదం శతపత్రి, తరుణి అని పిలిచే గులాబీని ఎక్కువగా రోజా సెంటిఫోలియాగా గుర్తిస్తారు. ఔషధ, సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే లక్నోలోని సీమాప్ సంస్థ డమాస్క్ గులాబీలో నూర్జహాన్, రాణీ సాహిబా అనే రకాలను, పాలంపూర్‌లోని ఐహెచ్‌బీటీ అనే పరిశోధన సంస్థ జ్వాలా, హిమ్‌రోజ్ అనే రకాలను విడుదల చేశాయి. అయితే డమాస్క్‌కు చలికాలం చలి బాగా తగలాలి. ఉత్తరాదిన పుష్కర్, అలీగఢ్, కన్నౌజ్ వైపు మార్చి, ఏప్రిల్ నెలల్లో విరగబూసే ఈ మొక్క మన మిద్దెల మీద ఆకులు వేస్తుంది గానీ పూలకు మొరాయిస్తుంది. మనకు నాటు గులాబీ, పన్నీరు గులాబీ అని నర్సరీల్లో ఇచ్చేవే నయం. వాటిలో ఎడ్వర్డ్ గులాబీ అనే రకం మైదాన ప్రాంతాల వేడికి తట్టుకుని మళ్ళీ మళ్ళీ పూస్తుంది. నర్సరీల ఊరు కడియం వైపు వెళ్తే రంగు చూసి కాకుండా పువ్వు ముక్కు దగ్గర పెట్టుకుని ఎంచుకోండి.

మొక్క కొన్నాక మొదటి రెండు మూడు విడతల పూలను జడలోకో దేవుడికో వాడేయండి. నర్సరీవాళ్ళు కొట్టిన మందు ప్రభావం తగ్గాలి. కొత్త చిగుళ్ళు వేసి, మీ చేతి కింద కొన్ని నెలలు పెరిగాక వచ్చే పూలే వంటింటికి. ఇంట్లో వేపనూనె పిచికారీ చేసినా కనీసం వారం ఆగండి. లేకపోతే గుల్కంద్‌కు ఆ చేదు వాసన పట్టేస్తుంది.

ఒక హెచ్చరిక. నర్సరీల్లో ఎడారి గులాబీ అని అమ్మే అడీనియంకు గులాబీతో ఏ సంబంధమూ లేదు. లావు మొదలుతో, గంట ఆకారపు పూలతో ఉండే ఆ మొక్క గన్నేరు కుటుంబానిది, విషం. పేరు చూసి మోసపోయి దాని రేకులు టీలో వేసుకుంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

కోయడం, కడగడం, ఆరబెట్టడం

1. పూలను ఉదయం మంచు ఆరగానే, ఎండ ముదరకముందే కోయాలి. పరిమళమంతా గాలిలో కలిసిపోయే నూనెల్లోనే ఉంటుంది. ఎండెక్కేకొద్దీ అవి ఆవిరైపోతాయి. కన్నౌజ్, పుష్కర్ రైతులు చీకటితోనే తోటలోకి దిగేది అందుకే.

2. పూర్తిగా విచ్చుకుని ఇంకా వాడని పువ్వునే తీసుకోండి. తొడిమ పట్టుకుని రేకులన్నీ ఒకేసారి లాగి, పళ్ళెంలో దులపండి. చిన్న నల్ల పురుగులు బయటికొస్తాయి.

3. రేకు అడుగున తెల్లటి మొదలు ఉంటుంది. చేదంతా అక్కడే. గుల్కంద్‌కైతే కత్తెరతో ఆ భాగం తీసేస్తే బాగుంటుంది. టీకి అంత పట్టింపు అక్కర్లేదు.

4. జల్లెడలో వేసి నీళ్ళు ఒక్కసారి పోసి వంచేయండి, నానబెట్టొద్దు. పలచటి నూలు గుడ్డ మీద పరిచి ఫ్యాను కింద తడి పూర్తిగా ఆరేదాకా వదిలేయండి. రేకును మడిచి చూస్తే మడత లోపల కూడా చెమ్మ తగలకూడదు.

ఏడాదికి సరిపడా ఎండబెట్టుకోవాలంటే నీడలోనే, గాలి ఆడేచోట పరచాలి. ఎండలో పెడితే రంగు, వాసన రెండూ పోతాయి. వాతావరణాన్ని బట్టి మూడు నుంచి ఆరు రోజులు పడుతుంది. వేళ్ళ మధ్య గలగలమంటూ పొడి అయ్యేలా ఎండాక గాజు సీసాలో వేసి, వెలుతురు తగలని అరలో పెట్టండి.

ఇంట్లో మొక్క లేనివాళ్ళు ఎండు రేకులను పచారీ, యునానీ దుకాణాల్లో కొంటారు. ముదురు రాణి రంగులో మెరిసిపోతూ, చల్లటి నీళ్ళలో వేయగానే రంగు కారేవి అనుమానించదగినవి. అసలు రేకుల రంగు మెల్లగా దిగుతుంది. ఆ నీళ్ళలో నిమ్మరసం చుక్క వేస్తే గులాబీ రంగు ఇంకా తేరుకుంటుంది, ఎందుకంటే రేకులకు రంగునిచ్చే ఆంథోసయనిన్లు పులుపులో ఎర్రబడతాయి. ప్యాకెట్ మీద ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. పూజా సామాను కొట్లో దొరికేవి తినడానికి కాదు.

గుల్కంద్: ఎండ చేసే వంట

యునానీ వైద్యం నుంచి మన ఇళ్ళలోకి వచ్చిన లేహ్యం ఇది. హైదరాబాద్‌లో చార్మినార్ చుట్టుపక్కల హకీముల దుకాణాల్లో వేసవి రాగానే దీనికి గిరాకీ పెరుగుతుంది. వేడి చేసింది, మూత్రం మంటగా ఉంది, కడుపులో మంట, మలబద్ధకం అన్నప్పుడు పెద్దవాళ్ళు చెంచాడు పెట్టి చల్లటి పాలు తాగించేవారు. మెత్తటి విరేచనకారి అనే పేరు ఆయుర్వేదంలోనూ యునానీలోనూ గులాబీకి ఉంది. ఆధునిక పరిశోధన ఈ విషయంలో ఇంకా పలచగానే ఉంది. కానీ జీర్ణానికి తేలికైన, రుచిగా ఉండే సంప్రదాయ పదార్థంగా దీన్ని మితంగా తీసుకోవడానికి ఇబ్బందేమీ లేదు, షుగర్ లేనివాళ్ళకు.

కావలసినవి: ఆరబెట్టిన తాజా రేకులు 100 గ్రాములు, పటికబెల్లం 100 గ్రాములు, అయిదారు యాలకులు, ఇష్టమైతే చెంచా సోంపు. కొందరు రేకులకు రెట్టింపు పంచదార వేస్తారు. నిలవకు మంచిదేగానీ తీపి నాలుకను ముంచేస్తుంది. సమానంగా వేసుకోవడమే నాకు నచ్చిన కొలత. అంతకన్నా తగ్గిస్తే మాత్రం బూజు ఖాయం. ఇక్కడ పంచదార పని తీపి ఒక్కటే కాదు. రేకుల్లోని నీటిని బయటికి లాగి, ఆ నీటిని సూక్ష్మజీవులకు దక్కకుండా పట్టి ఉంచుతుంది.

1. పటికబెల్లాన్ని రవ్వలా దంచుకోండి. మెత్తటి పొడి కంటే ఈ గరుకే ముఖ్యం.

2. వెడల్పు గిన్నెలో రేకులూ పటికబెల్లమూ కలిపి, పొడి చేత్తో నలపండి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. రెండు మూడు నిమిషాలకు రవ్వ గరుకుకు రేకులు చిట్లి, వేళ్ళకు జిగురు తగులుతుంది. లేత రంగు ముదురు రాణి రంగులోకి మారుతుంది. గిన్నె నిండా ఉన్న కుప్ప పిడికిలంత ముద్దకు దిగుతుంది. అప్పుడు ఆపండి. పొరలు పొరలుగా సీసాలో వేసి వదిలేసే పద్ధతి కూడా ఉంది, దానికి ఎక్కువ రోజులు పడతాయి.

3. వేడి నీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టిన గాజు సీసాలో ముప్పావు వంతు వరకే నింపండి. ప్లాస్టిక్ వద్దు.

4. మూత పెట్టి రోజూ అయిదారు గంటలు ఎండలో ఉంచి, సాయంత్రం ఇంట్లోకి తీసుకురండి. మూత లోపలి వైపు నీటి బిందువులు కనిపిస్తే పొడిగుడ్డతో తుడవండి. ఆ చుక్కలు తిరిగి లోపలికి పడితే పైపొర పలచబడి, బూజు మొదలయ్యేది అక్కడే.

5. రోజు విడిచి రోజు పొడి చెంచాతో అడుగు నుంచి పైకి కలపండి. మూడు వారాలకు రంగు గోధుమ కలిసిన ఎరుపులోకి తిరిగి, రేకులు నోట్లో కరిగేంత మెత్తబడతాయి. యాలకుల పొడి, దంచిన సోంపు చివర్లో కలపండి.

మిద్దె మీద ఒకటి రెండు మొక్కలే ఉంటే ఒకేసారి 100 గ్రాముల రేకులు రావు. అందుకు బెంగ అక్కర్లేదు. ఏ రోజు పూసిన పూలను ఆ రోజు తూచి, సమానంగా పటికబెల్లంతో నలిపి అదే సీసాలోకి చేర్చుకుంటూ పోండి. ఆఖరి విడత వేసిన రోజు నుంచి మూడు వారాలు లెక్కపెట్టండి.

వానాకాలంలో మొదలుపెట్టొద్దు. సముద్రతీర జిల్లాల్లో ఉక్కపోత ఎక్కువ కాబట్టి తయారైన సీసాను ఫ్రిజ్‌లో పెట్టడం మేలు. బెల్లంతోనూ చేయవచ్చు కానీ దాని చెమ్మ వల్ల తొందరగా పులుస్తుంది. తేనెతో చేసేది యునానీలో పాత పద్ధతే. ఏడాది లోపు పిల్లలకు మాత్రం తేనె కలిసినది ఏదీ పెట్టకూడదు. పొయ్యి మీద పది నిమిషాల్లో ఉడికించే అడ్డదారి చాలామంది చూపిస్తారు. తినడానికి బాగానే ఉంటుంది. కాకపోతే అది గులాబీ జామ్, పరిమళంలో చాలా భాగం ఆవిరితో పోతుంది.

తెల్లటి నూగు, పులిసిన వాసన, నురగ ఏది కనిపించినా సీసా మొత్తం పారేయాలి. పైపొర తీసేసి మిగతాది దాచుకునే పొదుపు ఇక్కడ పనికిరాదు.

పెద్దవాళ్ళకు రోజుకు ఒకటి, మహా అయితే రెండు చిన్న చెంచాలు. అందులో సగమో, అంతకన్నా ఎక్కువో పంచదారే అని మరిచిపోవద్దు. షుగర్ ఉన్నవాళ్ళకు ఇది చలవ మందు కాదు, మిఠాయి. మలబద్ధకం రెండు మూడు వారాలైనా తగ్గకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా గుల్కంద్ సీసా పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

పన్నీరు: గిన్నె, మంచు, ఓపిక

నీళ్ళలో రేకులు వేసి మరిగించి వడగట్టింది పన్నీరు కాదు, కషాయం. రంగు ఉంటుంది, రెండు మూడు రోజుల్లో పాడవుతుంది. పన్నీరంటే ఆవిరిని చల్లబరచి పట్టిన నీరు. అందుకే అసలు పన్నీరుకు రంగుండదు. సీసాలోని నీరు గులాబీ రంగులో ఉంటే అందులో రంగు కలిపారని అర్థం.

కన్నౌజ్‌లో ఇప్పటికీ డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పూలు, నీళ్ళు వేసి, మూత అంచులను మట్టితో మూసి, వెదురు గొట్టం గుండా ఆవిరిని నీళ్ళ తొట్టిలో ఉంచిన భప్కా అనే పాత్రలోకి పంపుతారు. వంటింట్లో మనం చేసేది అదే సూత్రం.

1. లోతైన స్టీలు గిన్నె మధ్యలో చిన్న స్టాండు పెట్టి, దాని మీద ఖాళీ గిన్నె ఉంచండి.

2. చుట్టూ మూడు నాలుగు గుప్పెళ్ళ రేకులు వేసి, అవి మునిగేంత వరకే నీళ్ళు పోయండి. నీటిమట్టం స్టాండు దాటకూడదు.

3. ఉబ్బెత్తు మూతను తిరగేసి పెట్టి, ఆ గుంటలో మంచుముక్కలు వేయండి. ఆవిరి మూతకు తగిలి చల్లబడి, నడిమి నుంచి కింది గిన్నెలోకి బొట్లుబొట్లుగా పడుతుంది.

4. మంట సన్నగానే ఉండాలి. మంచు కరిగితే గరిటెతో తోడేసి మళ్ళీ వేయండి. అరగంట, నలభై నిమిషాలకు గ్లాసుడు కంటే తక్కువే వస్తుంది. ఇంకా రావాలని ఆశపడితే ఉడికిన ఆకు వాసన మొదలవుతుంది.

5. మరిగించి ఆరబెట్టిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు వారాల్లో వాడేయండి. నిలవ మందులేవీ లేవు కదా.

గులాబీ వాసనలో ప్రధానమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీళ్ళలో బాగా కరుగుతుంది. అందుకే నూనె చుక్క కూడా కనపడని ఈ నీటికి అంత పరిమళం.

కళ్ళ మంటకు పన్నీరు చుక్కలు వేసుకునే అలవాటు మన ఇళ్ళలో బాగా ఉంది. దయచేసి మానేయండి. ఇంట్లో చేసిందైనా, కొన్న సీసా అయినా అది స్టెరైల్ కాదు, అంటే సూక్ష్మజీవులు లేనిది కాదు. అందులో పెరిగిన బ్యాక్టీరియా కంటి నల్లగుడ్డు మీద పుండు చేయగలదు, చూపే పోవచ్చు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళకు ప్రమాదం ఇంకా ఎక్కువ. కళ్ళు అలసిపోతే పన్నీరులో తడిపి పిండిన దూదిని మూసిన రెప్పల మీద పెట్టుకోండి, అంతవరకే.

గులాబీ టీ

కప్పు నీళ్ళు మరిగించి దించి, ఒక నిమిషం ఆగి, చెంచాడు ఎండు రేకులు వేసి మూత పెట్టండి. అయిదు నుంచి ఏడు నిమిషాల తర్వాత వడగట్టండి. మూత తప్పనిసరి, లేకపోతే వాసన మీకు కాకుండా వంటింటికి దక్కుతుంది. టీ పేలవమైన గోధుమ రంగులో వస్తే నిరాశపడకండి, నిమ్మరసం పిండితే రంగు తేరుతుంది.

నెలసరి నొప్పి విషయంలో దీనికి కొంత ఆధారం ఉంది. తైవాన్‌లో 130 మంది టీనేజీ అమ్మాయిలతో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో గులాబీ టీ తాగినవాళ్ళకు నొప్పి, ఆందోళన తగ్గినట్టు తేలింది. చిన్న అధ్యయనమే. తాగినవాళ్ళకు తాము తాగుతున్నది ఏమిటో తెలుసు కూడా, కాబట్టి నమ్మకం వల్ల కలిగిన ఉపశమనం కూడా అందులో ఉండొచ్చు. అయినా ప్రయత్నిస్తే పోయేదేమీ లేదు. నెలసరికి వారం ముందు నుంచి రోజుకు రెండు కప్పులు తాగి చూడవచ్చు. నొప్పికి ప్రతి నెలా బడి మానేయాల్సి వస్తుంటే, రక్తస్రావం మరీ ఎక్కువగా ఉంటే ఆ అమ్మాయికి కావలసింది టీ కాదు, గైనకాలజిస్టు.

రేకుల్లో టానిన్లు అనే వగరు పదార్థాలు ఉంటాయి, అవి ఇనుము ఒంటబట్టడాన్ని తగ్గిస్తాయి. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళు మాత్రకూ టీకీ మధ్య, భోజనానికీ టీకీ మధ్య గంట అయినా ఎడం ఉంచాలి.

చర్మానికి

పన్నీరు చల్లదనం ఇస్తుంది, కాస్త బిగుతుగా అనిపిస్తుంది. మొటిమలను, మంగును పోగొట్టదు. ఎండలోంచి వచ్చాక ముఖం కడుక్కుని చల్లటి పన్నీరు చిమ్ముకోవడం హాయిగా ఉంటుంది. జిడ్డు చర్మానికి ముల్తానీ మట్టిలో, పొడి చర్మానికి మీగడలో కలుపుకోండి. ముల్తానీ మట్టి పూర్తిగా బీటలు వారేదాకా ఉంచుకోకుండా, అంచులు ఆరగానే కడిగేయండి.

మొదటిసారి వాడేటప్పుడు మోచేయి లోపలి వైపు రాసి రెండు రోజులు చూడండి. గులాబీలో సహజంగానే ఉండే జెరానియోల్, సిట్రొనెలోల్ అనే వాసన పదార్థాలు కొందరికి పడవు, దురద, దద్దురు వస్తాయి. సహజమైనది కాబట్టి అలర్జీ రాదు అనే మాటలో నిజం లేదు.

గులాబీ నూనె గురించి క్లుప్తంగా. ఒక కిలో నూనెకు మూడున్నర నుంచి నాలుగు వేల కిలోల పూలు కావాలి. ఈ లెక్క తెలిస్తే వంద రూపాయలకు దొరికే బుడ్డిలో ఏముందో ఇట్టే అర్థమవుతుంది. అసలుది దొరికినా లోపలికి తీసుకోకూడదు. 30 మిల్లీలీటర్ల నువ్వులనూనెలోనో కొబ్బరినూనెలోనో ఆరు చుక్కలు మించకుండా కలిపి మర్దనాకు వాడాలి. గర్భిణులు, చంటిపిల్లలు ఉన్న ఇంట్లో అదీ వద్దు. వాసన పీలిస్తే మనసు కుదుటపడుతుందని చిన్న అధ్యయనాలు ఉన్నాయి. అందుకు నూనె దాకా పోకుండా తలగడ పక్కన నాలుగు తాజా పూలు పెట్టుకున్నా చాలు.

గులాబీ కాయలు

పువ్వు రాలాక కాసే ఎర్రటి కాయల పొడిని ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఖరీదుకు అమ్ముతున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో నారింజలు దొరక్క బ్రిటన్‌లో అడవి గులాబీ కాయలు ఏరించి పిల్లలకు సిరప్ చేసి తాగించారు, విటమిన్ సి కోసం. డెన్మార్క్‌లో కీళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళ మీద చేసిన అధ్యయనాల్లో ఈ పొడి నొప్పిని కొద్దిగా తగ్గించింది. అది రోజా కనీనా అనే చలిదేశపు గులాబీ కాయ. మనకు విటమిన్ సి కావాలంటే 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైనే ఉంది, ఉసిరి ఎలాగూ ఉంది. ఇంటి మొక్కకు ఎప్పుడైనా కాయ కాసినా లోపలి గింజల చుట్టూ ఉండే సన్నటి నూగు గొంతులో దురద పెడుతుంది, అలాగే తినేయకండి.

ముల్లు గుచ్చుకుంటే

గులాబీ మొక్కతో పనిచేసేవాళ్ళు ఈ భాగం వదలకండి. కత్తిరింపులప్పుడు మందపాటి చేతి తొడుగులు వేసుకోండి. ముల్లు దిగితే తీసేసి సబ్బుతో బాగా కడిగి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. మట్టిలో, ముళ్ళ మీద ఉండే స్పోరోత్రిక్స్ అనే శిలీంధ్రం ఆ గాటులోంచి లోపలికి వెళ్తే, కొన్ని వారాల తర్వాత అక్కడ నొప్పిలేని చిన్న గడ్డ లేస్తుంది. తర్వాత చేయి పొడవునా పైకి ఒకదాని తర్వాత ఒకటి గడ్డలు వరుస కడతాయి. మామూలు యాంటీబయాటిక్స్‌కు అది లొంగదు, దానికి శిలీంధ్రాల మందు వేరే ఉంది, నెలల తరబడి వాడాలి. గాటు పడ్డ సంగతి అప్పటికి మీరే మరిచిపోయి ఉంటారు. చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంట్లో గులాబీ మొక్కలు పెంచుతున్నానని, ముల్లు గుచ్చుకుందని తప్పక చెప్పండి.